మందుల షాపుల తనిఖీ వ్యవస్థ

మందులు అమ్మే చోట వ్యాపారం చట్టప్రకారం సాగుతోందా, మందు చేతికిచ్చే మనిషికి ఆ అర్హత ఉందా అని ప్రభుత్వం తరఫున చూసే ఏర్పాటు ఇది. మన దేశంలో ఈ పని ప్రధానంగా రాష్ట్రాలది. చట్టం చేసేది, కొత్త మందులకూ దిగుమతులకూ అనుమతులిచ్చేది కేంద్రం. వీధి చివరి మెడికల్ షాపుకు లైసెన్సు ఇచ్చి, అప్పుడప్పుడూ వచ్చి లెక్కలు అడిగేది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాన్ని డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ అంటారు, పత్రికల భాషలో డీసీఏ. శాఖకు అధిపతి డైరెక్టర్ జనరల్. కింద జాయింట్, డిప్యూటీ, అసిస్టెంట్ డైరెక్టర్లు, అందరికంటే కింద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. షాపు యజమానికి శాఖ అంటే ఆ చివరి అధికారే.

ఈ వ్యవస్థ మొత్తం ఒక షరతు మీద నిలబడింది. డాక్టరు రాసిన మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తన చేత్తో ఇవ్వాలి, లేదా దగ్గరుండి ఇప్పించాలి. రిజిస్టర్లు, బిల్లులు, ఫ్రిజ్, లేబుళ్లు ఇవన్నీ ఆ మనిషి కౌంటర్ వెనక ఉన్నాడన్న లెక్కతో రాసిన నిబంధనలే. అతను లేని షాపులో కాగితాలు ఎంత పద్ధతిగా ఉన్నా తనిఖీకి అర్థం సగం పోతుంది. మందుల చట్టాల చరిత్రా వాటి అమలూ ఎక్కువగా ఆ లోటు చుట్టూనే తిరుగుతాయి.

చట్టాల పుట్టుక

బ్రిటిష్ పాలనలో చాలాకాలం మందుల వ్యాపారానికి ప్రత్యేక చట్టమంటూ లేదు. విదేశాల నుంచి వచ్చే నాసిరకం సరుకు, కల్తీ క్వినైన్ బజారులో స్వేచ్ఛగా తిరిగేవి. మందు కట్టి ఇవ్వడానికి ఫలానా చదువు ఉండాలన్న నియమం కూడా దేశమంతటా లేదు. దీని మీద గొడవ పెరగడంతో 1930లో ప్రభుత్వం కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. మరుసటి ఏడాది వచ్చిన ఆ సంఘం నివేదిక మందుల నాణ్యతకు ఒక చట్టం, పరీక్షలకు ప్రయోగశాలలు, ఫార్మసీ వృత్తికి చదువూ రిజిస్ట్రేషనూ కావాలని కోరింది. సరుకునూ మనిషినీ వేర్వేరుగా చూడాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

సరుకు సంగతి చూసే డ్రగ్స్ చట్టం 1940లో వచ్చింది. దాని కింద నియమావళి 1945లో తయారైంది. 1962 సవరణతో సౌందర్య సాధనాలు కూడా చేరి అది డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టమైంది. మనిషి సంగతి చూసే ఫార్మసీ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో వచ్చింది. ఒకే నివేదికలోంచి పుట్టిన రెండు చట్టాలూ ఎనిమిదేళ్ల తేడాతో రావడమే కాదు, రెండు వేర్వేరు యంత్రాంగాల చేతికి వెళ్లాయి. ఆ విడిపోవడం ఫలితాలు నేటికీ కనిపిస్తాయి.

లైసెన్సు ఒకరు, రిజిస్ట్రేషన్ మరొకరు

షాపుకు కావలసింది లైసెన్సు. చిల్లర అమ్మకానికి ఫారం 20, 21 పేరిట రెండు లైసెన్సులు తీసుకోవాలి. వ్యాక్సిన్లు, ఇన్సులిన్, ఇంజెక్షన్ల వంటి సి, సి-1 షెడ్యూళ్ల మందులకు రెండోది. హోల్‌సేల్ వ్యాపారానికి 20-బి, 21-బి. గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు అమ్మాలంటే 20-ఎఫ్ విడిగా ఉండాలి. చిల్లర షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల స్థలం, చిల్లరా హోల్‌సేలూ కలిపి నడిపితే 15 చదరపు మీటర్లు చూపించాలి. లైసెన్సు కాలపరిమితి గురించి 2017లో పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు గడువు తీరగానే రెన్యువల్ చేయించుకోవాలి. ఇప్పుడు ఐదేళ్లకోసారి రుసుము కడుతూ పోతే లైసెన్సు అలాగే చెల్లుతుంది. వ్యాపారులకు ఇది ఊరట. కానీ రెన్యువల్ పేరుతోనైనా ఫైలు మళ్లీ తెరిచి షాపును చూసే ఒక అవకాశం శాఖ చేజారింది.

బోర్డు మీద పేరుకూ నియమం ఉంది. మందు కలిపి తయారుచేసే ఏర్పాటు ఉన్నవాళ్లే ఫార్మసీ అని రాసుకోవాలి. ఫార్మసిస్టు ఉండి ఆ ఏర్పాటు లేనిది కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్. ఫార్మసిస్టే అవసరం లేని సరుకు అమ్మేది డ్రగ్‌స్టోర్. మన ఊళ్లలో బోర్డుల్ని చూస్తే ఈ నియమం ఎవరికైనా గుర్తుందా అనిపిస్తుంది.

మనిషికి కావలసింది రిజిస్ట్రేషన్. డి.ఫార్మసీ గానీ బి.ఫార్మసీ గానీ చదివి రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కించుకుంటేనే ఫార్మసిస్టు. తప్పు చేస్తే విచారణ జరిపి పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌దే. 1976 సవరణతో చేరిన 26-ఎ సెక్షన్ కింద కౌన్సిల్ కూడా సొంతంగా ఇన్‌స్పెక్టర్లను పెట్టుకోవచ్చు. వీళ్లు షాపుకొచ్చి మందు ఇచ్చేది ఎవరో, అతను రిజిస్టర్డ్ అవునో కాదో చూడవచ్చు. అంటే చట్టం ప్రకారం ఒకే కౌంటర్ ముందు ఇద్దరు వేర్వేరు తనిఖీదారులు నిలబడవచ్చు. ఒకరికి షాపు లైసెన్సు మీద అధికారం, ఇంకొకరికి ఫార్మసిస్టు పేరు మీద అధికారం. ఆచరణలో షాపువాళ్లు చూసేది మొదటివారినే, భయపడేదీ వారికే.

వృత్తి ప్రమాణాలను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో ఫార్మసీ ప్రాక్టీస్ నియమాల పేరుతో విడిగా రాసింది. ఫార్మసిస్టు తెల్లకోటు వేసుకోవాలి, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి. చీటీ చదివి అనుమానముంటే డాక్టరును అడగాలి. మందు ఎలా వాడాలో, దేంతో కలిపి వాడకూడదో రోగికి చెప్పాలి. ఈ చివరి అంశమే ఫార్మసిస్టును సేల్స్‌మన్ నుంచి వేరు చేస్తుంది. దాన్ని తనిఖీ చేయడమే అన్నిటికన్నా కష్టం. ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందో లేదో నిమిషంలో చూడొచ్చు. రోగితో ఏం చెప్పారో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

షాపులో ఏం చూస్తారు

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి ఫార్మసీలో డిగ్రీ, లేదా క్లినికల్ ఫార్మకాలజీ గానీ మైక్రోబయాలజీ గానీ ప్రత్యేకతగా వైద్యంలో డిగ్రీ ఉండాలి. మందుల వ్యాపారంలో ఆ అధికారికి ఎలాంటి ఆర్థిక సంబంధమూ ఉండకూడదు. నియమావళిలోని 51వ నియమం ప్రకారం తన పరిధిలోని ప్రతి అమ్మకపు కేంద్రాన్నీ ఏడాదికి ఒకసారి తక్కువ కాకుండా చూడాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే విచారించాలి. చూసినవన్నీ పై అధికారికి పంపాలి.

తనిఖీ చెప్పి జరగదు. అధికారి లోపలికి రాగానే గోడ మీద లైసెన్సు, దాని పక్కన ఫార్మసిస్టు సర్టిఫికెట్ చూస్తారు. సర్టిఫికెట్‌లోని మనిషి కౌంటర్ దగ్గర ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న. అనుభవమున్న వ్యాపారులకు దానికి జవాబులు సిద్ధంగా ఉంటాయి: టిఫినుకెళ్లారు, బ్యాంకుకెళ్లారు, ఈ రోజే సెలవు పెట్టారు. అనుభవమున్న ఇన్‌స్పెక్టర్ దగ్గర దానికి విరుగుడూ ఉంటుంది. ఆ వారం బిల్లులు తీయించి, ఫార్మసిస్టు సంతకం ఎక్కడైనా ఉందేమో చూస్తారు.

ఆ తర్వాత కొనుగోలు బిల్లులు. ఏ మందు, ఏ బ్యాచ్, ఏ లైసెన్సున్న హోల్‌సేలరు దగ్గర కొన్నారో ప్రతిదానికీ కాగితం ఉండాలి. తనిఖీలో అత్యంత విలువైన పని ఇదే. నకిలీ మందు సాధారణంగా బిల్లు లేకుండానే వస్తుంది, లేదా లేని కంపెనీ పేరుతో బిల్లు రాయించుకుని వస్తుంది. రాక్‌లోంచి ఒక స్ట్రిప్పు తీసి దాని బ్యాచ్ నంబరును బిల్లుతో సరిపోల్చితే చాలు, చాలా కథలు బయటపడతాయి. 18-ఎ సెక్షన్ ప్రకారం మందు ఎవరి దగ్గర కొన్నదీ చెప్పాల్సిన బాధ్యత షాపుదే. చెప్పకపోతే ఏడాది దాకా జైలు పడవచ్చు.

గడువు తీరిన మందులు అమ్మకపు రాక్‌లో ఉండకూడదు. వాటిని వేరే పెట్టెలో, అమ్మకానికి కాదన్న చీటీ అంటించి పెట్టాలి. పొరపాటున ఒకటో రెండో స్ట్రిప్పులు మిగిలిపోవడం చాలా షాపుల్లో కనిపించేదే, దాన్ని మందలించి వదిలేయడమూ మామూలే. అదే పెద్ద సంఖ్యలో ఉంటే, గడువు తేదీ చెరిపేసి ఉంటే వ్యవహారం మారిపోతుంది. డాక్టర్లకు కంపెనీలిచ్చే ఫిజీషియన్ శాంపిళ్లు, ప్రభుత్వాసుపత్రి ముద్రపడిన మందులు షాపులో దొరికితే మందలింపుతో పోదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉందా, ఆ ఫ్రిజ్‌కు రాత్రిపూట కరెంటు తీసేస్తున్నారా, ధరలు పైన ముద్రించిన దానికంటే ఎక్కువ తీసుకుంటున్నారా అన్నవి కూడా చూస్తారు. ధరల నియంత్రణకు ఆధారం 2013 నాటి ఔషధ ధరల ఉత్తర్వు.

కనిపించిన లోపాలన్నీ ఫారం 35 అనే తనిఖీ పుస్తకంలో రాసి సంతకం చేయించుకుంటారు. ఆ పుస్తకం షాపులోనే ఉండాలి. తర్వాత వచ్చే అధికారి ముందు పేజీలు తిప్పి, నిరుడు రాసిన లోపం సరిదిద్దారో లేదో చూడొచ్చు. వ్యాపారి అలవాట్లు తెలియాలంటే ఆ పుస్తకానికి మించినది లేదు.

ఒక సరుకు మీద అనుమానం వస్తే, దాన్ని 20 రోజుల దాకా అమ్మకుండా ఆపమని ఫారం 15తో ఆదేశించవచ్చు. జప్తు చేస్తే ఫారం 16 రాసి మేజిస్ట్రేటుకు తెలపాలి. తాళం తీయకపోయినా, తనిఖీకి అడ్డుపడినా మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది.

నమూనా నాలుగు ముక్కలు

మందు నాణ్యతను కంటితో చెప్పలేం. అందుకే నమూనా తీయడం ఇన్‌స్పెక్టర్ పనిలో ప్రధాన భాగం. దాని పద్ధతి మీదే కేసు నిలవడం, పడిపోవడం ఆధారపడి ఉంటుంది. మొదట షాపుకు నమూనా ఖరీదు ఇవ్వజూపాలి. వాళ్లు వద్దంటే ఫారం 17-ఎ రాసివ్వాలి. ఎందుకు తీస్తున్నామో ఫారం 17లో తెలపాలి. ఆపైన షాపువాళ్ల ఎదుటే నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. వాళ్లూ తమ సీలు వేసుకోవచ్చు. ఒక భాగం షాపుకే తిరిగిస్తారు. రెండోది ప్రభుత్వ విశ్లేషకుడికి, మూడోది కోర్టుకు. నాలుగోది ఆ మందు ఎవరి నుంచి వచ్చిందని షాపు చెబుతుందో వాళ్లకు. అదే తయారీ కంపెనీలో నమూనా తీస్తే మూడు భాగాలే.

విశ్లేషకుడి నివేదిక ఫారం 13లో వస్తుంది. 60 రోజుల్లో రావాలని నియమం. నివేదికతో ఏకీభవించనివాళ్లు 28 రోజుల్లో ఆ సంగతి చెప్పాలి. అప్పుడు కోర్టు తన దగ్గరున్న భాగాన్ని కోల్‌కతాలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీకి పంపవచ్చు. అక్కడి ఫలితమే తుది మాట. ఈ రెండో పరీక్ష నిందితుడి హక్కు. ఫిర్యాదు దాఖలయ్యేసరికి మందు గడువే దగ్గరపడితే ఆ హక్కుకు అర్థం లేదు. ఇలాంటి ఒక కేసును సుప్రీంకోర్టు 2008లో ఆ కారణంతోనే కొట్టేసింది. గడువు రెండేళ్లున్న మందుకు ల్యాబ్ నివేదికా శాఖ అనుమతీ కలిపి ఏడాదిన్నర పడితే, నేరం రుజువయ్యే దారే మూసుకుపోతుంది. మన ఔషధ కేసుల్లో చాలావాటి బలహీనత ఈ నిదానంలోనే ఉంది.

చట్టం చిల్లర వ్యాపారికి ఒక రక్షణ కూడా ఇచ్చింది. లైసెన్సున్నవాళ్ల దగ్గర బిల్లుతో కొని, సరిగ్గా నిల్వచేసి, తగినంత జాగ్రత్త పడినా లోపం కనిపెట్టలేకపోయానని రుజువు చేసుకుంటే అతనికి శిక్ష పడదు. ఇది న్యాయమే. సీలు తీయని సీసాలో ఏముందో షాపువాడికి ఎలా తెలుస్తుంది? 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ సంగతి చూడండి. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో ఆ సిరప్ తాగిన పిల్లల కిడ్నీలు పాడయ్యాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. తమిళనాడు అధికారులు కాంచీపురం జిల్లాలోని తయారీ కేంద్రం నుంచి తీసిన నమూనాలో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు తేలింది. అది 0.1 శాతం దాటకూడని విషం. తెలంగాణ డీసీఏ ఆ బ్యాచ్ వాడొద్దని ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటప్పుడు షాపుల్లోని బిల్లులూ బ్యాచ్ నంబర్లే ఉపయోగపడతాయి. ఏ సీసా ఎక్కడికి వెళ్లిందో కాగితం మీద ఉంటే గంటల్లో వెనక్కి తెప్పించవచ్చు. లేకపోతే టీవీలో చెప్పి ఊరుకోవాల్సిందే.

చీటీ మీదే అమ్మాల్సిన మందులు

డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్. అందులో ఐదు వందలకు పైగా పేర్లున్నాయి. ఆ చీటీ ఎలా ఉండాలో కూడా నియమావళి చెబుతుంది. రాతపూర్వకంగా ఉండాలి, సంతకమూ తేదీ ఉండాలి, రోగి పేరూ చిరునామా, మందు మోతాదూ పరిమాణమూ ఉండాలి. చీటీలో ఉన్న మందుకు బదులు ఇంకోటి ఇవ్వకూడదు. అందులో ఉన్న రసాయనం ఒకటే అయినా సరే ఇవ్వకూడదు. జనరిక్ మందులు వాడమని ప్రభుత్వమే ప్రచారం చేస్తున్న రోజుల్లో ఈ చివరి నిబంధన ఇబ్బందికరంగా మిగిలింది. డాక్టరు బ్రాండు పేరు రాస్తే, దాని బదులు చవక మందు ఇచ్చిన ఫార్మసిస్టు చట్టం దృష్టిలో తప్పు చేసినవాడే.

షెడ్యూల్ హెచ్ ఎంత పకడ్బందీగా అమలవుతోందో పాఠకులకు చెప్పక్కర్లేదు. జ్వరమొస్తే షాపుకెళ్లి అజిత్రోమైసిన్ మూడు బిళ్లలు తెచ్చుకోవడం మన ఇళ్లల్లో కొత్తేమీ కాదు. ఆ అజిత్రోమైసిన్ కూడా షెడ్యూల్ హెచ్ మందే. యాంటీబయాటిక్కులకు సూక్ష్మజీవులు లొంగకపోవడం పెరుగుతుంటే, 2013 ఆగస్టులో కేంద్రం షెడ్యూల్ హెచ్-1 అని కొత్త జాబితా ప్రకటించింది. అది 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలో 46 మందులు: సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ లాంటి శక్తిమంతమైన యాంటీబయాటిక్కులు, క్షయ మందులు, ఆల్‌ప్రజోలామ్, డయాజిపామ్, ట్రమడాల్ లాంటి అలవాటు పడే మందులు. వీటి పెట్టె మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఎర్రగా ఉంటుంది, ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరూ చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి.

ఇన్‌స్పెక్టర్ చేతికి ఇది మంచి ఆయుధం. కొనుగోలు బిల్లు ప్రకారం నెలలో వెయ్యి బిళ్లలు వచ్చి, రిజిస్టరులో నూరు మాత్రమే అమ్మినట్టు ఉండి, రాక్‌లో ఒక్కటీ లేకపోతే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఒకే డాక్టరు పేరుతో ఒకే చేతిరాతలో ఒకే పూట రాసిన ఇరవై ఎంట్రీలు కనిపించినా అంతే. షెడ్యూల్ ఎక్స్ మందులకు నియమాలు ఇంకా గట్టివి. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్లు ఉంచాలి, మందు తాళం వేసిన అల్మారాలో ఉండాలి. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్కులు అమ్మే షాపుల మీదే ప్రత్యేకంగా దాడులు మొదలుపెట్టింది.

మత్తు కోసం వాడే మందుల విషయంలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒక్కరే కాక పోలీసులూ వస్తారు. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో మాదకద్రవ్యాల కట్టడికి పెట్టిన ఈగల్ విభాగం, విజిలెన్సు, డీసీఏ అధికారులు ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతటా ఒకేరోజు మందుల షాపులను సోదా చేశారు. మామూలు ఔషధ నేరాల్లో మాత్రం పోలీసుల పాత్రకు హద్దుంది. డ్రగ్స్ చట్టం 32వ సెక్షన్ కింద కేసు వేయాల్సింది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తదితరులే గాని, పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. అరెస్టు చేసే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉందని కూడా అదే తీర్పులో చెప్పింది. ఫార్మసీ పట్టాతో వచ్చిన ఉద్యోగి మీద పోలీసు పని పడిందన్నమాట.

శిక్షల మెట్లు

చిన్న లోపానికి షోకాజ్ నోటీసు వస్తుంది. జవాబు సరిపోకపోతే లైసెన్సును కొన్ని రోజులు సస్పెండ్ చేస్తారు. ముదిరితే 66వ నియమం కింద రద్దు చేస్తారు. దాని మీద మూడు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. నేరం తీవ్రమైనదైతే కోర్టుకు వెళ్తుంది. 2008 సవరణ తర్వాత కల్తీ, నకిలీ మందు వల్ల ప్రాణం పోతే పదేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా జైలు, పది లక్షలకు తగ్గని జరిమానా. నకిలీ మందు అమ్మితేనే ఏడేళ్లకు తగ్గదు. లైసెన్సు లేకుండా అమ్మితే మూడు నుంచి ఐదేళ్లు. మిగతా ఉల్లంఘనలకు ఏడాది నుంచి రెండేళ్లు. ఈ చివరి తరగతి నేరాలను డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు 2023 జన్ విశ్వాస్ చట్టం కల్పించింది. నాణ్యత తగ్గిన మందు కేసులు కూడా చాలావరకు ఇదే తరగతిలోకి వస్తాయి కాబట్టి ఆ సవరణ మీద వచ్చిన విమర్శలో నిజముంది.

అద్దె సర్టిఫికెట్లు

ఫార్మసిస్టు కానివాళ్లు చీటీ మందు ఇవ్వకూడదని ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. దానికి మొదట ఉన్న శిక్ష ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. జన్ విశ్వాస్ చట్టం జైలును మూడు నెలలకు తగ్గించి, జరిమానాను రెండు లక్షల దాకా పెంచింది. వెయ్యి రూపాయలు చాలాకాలంగా ఎవరినీ భయపెట్టలేదు. ఫలితంగా ఒక పద్ధతి స్థిరపడిపోయింది. చదువుకున్నవాడు సర్టిఫికెట్‌ను షాపుకిచ్చి నెలకింత అని తీసుకుంటాడు, తను వేరే ఉద్యోగం చేసుకుంటాడు. షాపులో మందు ఇచ్చేది పది పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న కుర్రాడు. అతనికి మందుల పేర్లు బాగా తెలుసు. ఏ రెండు మందులు కలవకూడదో, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఏ నొప్పి మాత్ర ప్రమాదమో తెలుసుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఇందులో ఇద్దరి తప్పుంది, ఇద్దరికీ వేర్వేరు అధికారులున్నారు. డీసీఏ షాపు లైసెన్సును సస్పెండ్ చేస్తుంది, యజమాని కొన్నాళ్లకు ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. సర్టిఫికెట్ ఇచ్చిన మనిషి పేరు తీసేయాలంటే ఫైలు ఫార్మసీ కౌన్సిల్‌కు వెళ్లాలి, అక్కడ విచారణ జరగాలి. బీహార్‌లో ఫార్మసిస్టులు లేకుండా, నకిలీ ఫార్మసిస్టులతో మందులిస్తున్నారన్న వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వాన్నీ ఫార్మసీ కౌన్సిల్‌నూ కలిపే తప్పుపట్టి, కేసును మళ్లీ విచారించమని పాట్నా హైకోర్టుకు పంపింది.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ షాపుకూ ఫార్మసిస్టుకూ లైసెన్సిచ్చేది ఒకే సంస్థ, ఆ రాష్ట్ర ఫార్మసీ బోర్డు. ప్రతి షాపుకూ బాధ్యుడైన ఫార్మసిస్టు ఒకరు ఉంటారు. షాపులో తప్పు దొరికితే ఆయన సొంత లైసెన్సే ప్రమాదంలో పడుతుంది. కాలిఫోర్నియాలో తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్లు కూడా ఫార్మసిస్టులే. ఇక్కడ చదివి అక్కడ స్థిరపడిన తెలుగు ఫార్మసిస్టులు వృత్తి పరీక్షతో పాటు చాలా రాష్ట్రాల్లో ఫార్మసీ చట్టాల మీద విడిగా ఇంకో పరీక్ష రాయాల్సిందే. అలాగని అక్కడా లోపాలు లేకపోలేదు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ పంపిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరి ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, అరవై మందికి పైగా చనిపోయారు. ముందే ఫిర్యాదులు వచ్చినా రాష్ట్ర బోర్డు గట్టిగా పట్టించుకోలేదన్న విమర్శ వచ్చింది. మరుసటి ఏడాది కేంద్ర చట్టమే మారింది. అయినా ఫార్మసిస్టు పేరూ షాపు లైసెన్సూ ఒకే చేతిలో ఉండటం మనకంటే మెరుగైన ఏర్పాటనే చెప్పాలి.

చాలినంతమంది లేరు

చిల్లర షాపులు రెండు వందలకు ఒక ఇన్‌స్పెక్టర్, తయారీ కేంద్రాలు యాభైకి ఒకరు ఉండాలని కేంద్రం వేసిన మాషేల్కర్ సంఘం 2003లో సిఫారసు చేసింది. చాలా రాష్ట్రాలు నేటికీ ఆ లెక్కకు దూరంగానే ఉన్నాయి. నియామకాలు జరిగినా పదుల సంఖ్యలోనే. తెలంగాణలో 2022 చివర్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రకటించినవి 18 పోస్టులు. ఒక్కో ఇన్‌స్పెక్టర్ మీద షాపులే కాక బ్లడ్ బ్యాంకులు, ఆసుపత్రి ఫార్మసీలు, కోర్టు వాయిదాలు, ప్రకటనల మీద ఫిర్యాదులు అన్నీ పడతాయి. అలాంటప్పుడు ఏడాదికోసారి చూడాలన్న నియమం ఫారం నింపి సంతకం పెట్టడంగా మారిపోవడం వింత కాదు. చూసేవాళ్లు తక్కువైన చోట మామూళ్లు పెరుగుతాయన్నదీ తెలిసిందే. ఏసీబీకి పట్టుబడిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి.

పల్లెల్లో సమస్య ఇంకో రకం. వెయ్యి జనాభాకు మించని ఊళ్లో పారాసిటమాల్, గ్రైప్ వాటర్ లాంటి కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండా కిరాణా కొట్లోనూ అమ్మవచ్చని షెడ్యూల్ కె మినహాయింపు ఇచ్చింది. రిజిస్టర్డ్ డాక్టరు తన రోగులకు తనే మందు ఇచ్చుకోవడానికీ అందులో వీలుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ అని పిలిచే వైద్యుడికి ఆ మినహాయింపు వర్తించదు. అతని గదిలో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు దొరికితే లైసెన్సు లేని అమ్మకం కిందే లెక్క. తెలంగాణ డీసీఏ ఇటీవలి ఏళ్లలో ఇలాంటి క్లినిక్కుల మీద వరసగా దాడులు చేస్తోంది. అక్కడికి మందులు ఏ హోల్‌సేలరు బిల్లు మీద వచ్చాయన్నదే అసలు కూపీ. వాళ్లను వదిలి చివరి మనిషిని పట్టుకుంటే మరుసటి నెల అదే గదిలోకి అవే మందులు వస్తాయి.

ఆన్‌లైన్ అమ్మకాలకు కేంద్రం 2018 ఆగస్టులో ముసాయిదా నియమాలు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపాలని ఆదేశించింది. కోవిడ్ వచ్చాక 2020 మార్చిలో ఇంటికి మందులు చేర్చడానికి షాపులకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ముసాయిదా మాత్రం ముసాయిదాగానే ఉండిపోయింది. యాప్‌లో ఆర్డరు పెడితే మందు ఏ షాపు నుంచి వచ్చిందో ఆ షాపు ఇన్‌స్పెక్టర్‌కే దాని మీద అధికారం. చీటీని ఎక్కడో కూర్చుని పరిశీలించిన మనిషిని ఎవరు ప్రశ్నించాలన్నది ఇంకా తేలలేదు.

కొనేవాళ్ల చేతిలో ఉన్నవి

2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోనుతో స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్, గడువు కనిపించాలి. కనిపించనివి, స్ట్రిప్పు మీద ఉన్నదానితో సరిపోలనివి అనుమానించదగ్గవే. డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే, తాము కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడికి పంపి పరీక్ష చేయించుకోవచ్చు. నివేదిక వాళ్ల చేతికే వస్తుంది. బాధితులూ గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘాలూ 32వ సెక్షన్ కింద నేరుగా కోర్టులో ఫిర్యాదు కూడా వేయవచ్చు. వీటన్నిటికీ కావలసింది బ్యాచ్ నంబరు రాసిన బిల్లు. మందు కొన్నప్పుడు అది అడిగి తీసుకోండి, మందు అయిపోయేదాకా దాచండి. ఫార్మసిస్టు ఎవరని అడగడానికీ వెనకాడకండి. గోడ మీది సర్టిఫికెట్‌లో ఉన్న మనిషిని చూపించమని అడగవచ్చు.